మూడు చప్పుళ్ళూ ఒక ఖాళీ

టక్ టక్ టక్, ఖాళీ.
టక్ టక్ టక్, ఖాళీ.
గ్రిమ్స్‌బీలో నా అద్దె గది చెక్కనేల మీద
అది తిరిగే తాళం అది.
ఎడమ వెనకకాలు నేలకి ఆన్చదు,
మడిచి పొట్టకింద దాచుకుంటుంది
ఎవరికీ చూపించకూడని ఉత్తరంలా.

షెల్టరు కాగితాల్లో దాని పేరు బటన్.
నేను గుండీ అన్నాను,
చేపల రేవు వెనక, పాత వలల కుప్పలో
ఊడిపడి దొరికింది గనక.
తూకం నాలుగు కిలోలు.
ఆపరేషన్‌కి మూడువేల రెండొందల పౌండ్లు.
కిలో ఎనిమిదొందల లెక్కన
ఆ రేవులో ఏ చేపా పలకని ధర.

డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి
మోకాలిచిప్ప పక్కకి జారినచోట పెన్సిల్ ఆనించింది.
చిక్కుడు గింజంత ఎముక.
నా మోకాలికి జండూబామ్‌తో సరిపెట్టే మనిషిని,
"చేయిద్దాం" అన్నాను.
అన్నది నేనేనా అని వెనక్కి తిరిగి చూశాను.

శనివారం చర్చి హాల్లో ఒక బల్ల ఇచ్చారు.
రాత్రి డ్యూటీ దిగి, నిద్రని గుమ్మం బయటే నిలబెట్టి
జంతికలు వత్తాను.
నూనె పొగకి అలారం రెండుసార్లు కేకేసింది.
"కారంగా ఉంటాయా?" "కొంచెం" అన్నాను, అబద్ధం.
కళ్ళు తుడుచుకుంటూ ఇంకో పొట్లం కొన్నాడు లారీ డ్రైవరు డెరెక్.
ఫిష్ ఫ్యాక్టరీ నుంచి మల్గొజాటా
ఒంటినిండా మంచువాసనతో వచ్చి
గ్లవుజులు విప్పకుండానే ఇరవై నోటు వేసింది.
ఒకాయన సీసాలోకి వంగి చూసి, ఏమీ వెయ్యకుండా
గుండీ చెవి వెనక కాసేపు గోకి వెళ్ళిపోయాడు.
అదీ రాసుకున్నాను జమలో.

కేర్‌హోంలో తొంభై ఒక్కేళ్ళ మిసెస్ ప్రూయిట్‌కి
ఒళ్ళు తుడుస్తుంటే అడిగింది:
"నా తుంటి మార్చినప్పుడు ఒక్క పెన్నీ అడగలేదే,
దీని కాలికి బిల్లేమిటి?"
బింగోలో గెలిచిన పన్నెండు పౌండ్లు నా జేబులో కుక్కింది.
మేం తీసుకోకూడదు, రూలు.
మేనేజరుకి చెప్పి, రిజిస్టర్లో ఎక్కించి,
ఇద్దరు సాక్షుల సంతకాలయ్యాక
ఆ పన్నెండు పౌండ్లు చట్టప్రకారం
ఒక కుక్క ఎముకలోకి చేరాయి.

మా అన్న ఫోన్లో అంతా విన్నాడు.
"మూడున్నర లక్షలు" అన్నాడు. కాసేపాగి, "కుక్కకి" అన్నాడు.
తర్వాత చాలాసేపు లైన్లో గాలి.
నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.
జవాబు లేకుండానే పిండి కలిపాను.

ఆపరేషన్ తర్వాత ఆరువారాలు బోను.
ఉరకకూడదు, సోఫా ఎక్కకూడదు.
రాత్రి అది మూలిగినప్పుడల్లా
ఊచల మధ్య నుంచి రెండు వేళ్ళు పెట్టేదాన్ని.
వాటిని నాకేది కాదు, ముక్కు ఆనించి ఊరుకునేది.

ఒక సంగతి మీకు చెప్పలేదు.
గుండీ నాది కాదు.
ఇల్లు దొరికేదాకా ఉంచుకునేదాన్ని, అంతే.
నా వీసాకీ గడువుంది, నా గదికీ గడువుంది.
కాలు బాగుంటేనే ఎవరైనా తీసుకెళ్తారన్నారు.
అంటే, పౌండు పౌండుగా ఆ సీసాలో నేను పోగేసింది
అది నా గుమ్మం దాటడానికి కావలసిన కాలుని.
తెలిసే చేశాను.
కొన్ని రాత్రులు తెలియనట్టు చేశాను.

మొన్న ఆదివారం లౌత్ నుంచి భార్యాభర్తలు వచ్చారు.
గుండీ మెట్లు దిగింది.
టక్ టక్ టక్ టక్.
వెనక్కి చూడలేదు.
వాళ్ళ దగ్గర బిస్కట్టుంది, దాని తప్పేం లేదు.

సీసా అడుగున పదకొండు పౌండ్ల నలభై మిగిలింది.
ఏం చెయ్యమంటారని షెల్టరుకి ఫోన్ చేస్తే
"ముందరికాలుది ఒకటుంది..." అని
అక్కడే ఆపింది డెనీస్.
నేనేమీ అనలేదు.
బియ్యప్పిండి ధర పెరిగిందో లేదో చూసొద్దామని
బూట్ల లేసులు కట్టుకున్నాను.